చూపుడువేలు

మొదట అమ్మ వంతు.
మూడో అంతస్తు, ఏడో నంబరు కిటికీ,
పైన పలక మీద "విదేశీయులు" అని ఉంటుంది.
అమ్మ ఐదేళ్ళ పిల్లగా పడవలో వచ్చింది ఒసాకాకి.
నేను ఇక్కడే, హిరానో కాలువ పక్క సందులో
జిగురు డబ్బాల మధ్య పుట్టాను.
ఇద్దరికీ ఒకటే కిటికీ.

నోగామి గారు మంచివాడు.
అమ్మ ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని
నల్లసిరా మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి దొర్లించాడు,
చంటిదానికి కాటుక దిద్దేంత మెల్లగా.
కాగితం మీద గడిలో అద్దాడు.
గీతలు లేవు.
నున్నటి నల్లమచ్చ, అంతే.

"మన్నించండి, మళ్ళీ ఒకసారి."

నాలుగుసార్లు మన్నించమన్నాడు.
నాలుగు మచ్చలు పడ్డాయి.
అమ్మ కూడా నాలుగుసార్లు మన్నించమంది
తన చర్మమేదో తప్పు చేసినట్టు.

చెబుదామనుకున్నాను:
ఆ గీతలు ఇక్కడ లేవండీ,
ఇరవై రెండేళ్ళుగా ఒక్కొక్కటే అతికించేసింది.
వినైల్ చెప్పుల అట్టకి జిగురు రాసి
వేలితో అంచు చుట్టూ నొక్కి, నొక్కి,
జతకి ఆరు యెన్‌లు.
స్టేషను మెట్ల మీద వెతకండి,
మీ ఇంటి గుమ్మంలో విడిచిన జతల్లో వెతకండి,
ఈ ఊరు సగం నడిచేది
మా అమ్మ వేలిముద్రల మీదే.
చెప్పలేదు.

"ఎవరూ వేలెత్తి చూపకుండా బతకాలి" అనేది అమ్మ.
అందుకే బడిలో నా పేరు కానెమోతో మియొకో.
అందుకే నా మధ్యాహ్నం డబ్బాలో వెల్లుల్లి ఉండదు.
అద్దెకి ఇల్లడగడానికి వెళ్తే నన్నే ముందు మాట్లాడమంటుంది,
నా యాసలో పడవ లేదని.
సంతకాల దాకా అంతా బాగానే ఉంటుంది.
కార్డు చూశాక ఇంటాయనకి
ఉన్నట్టుండి పైఊరి నుంచి తమ్ముడొస్తాడు.

ఆ కార్డు లేకుండా స్నానాలశాలకి వెళ్ళిన నాన్న
ఒక రాత్రంతా ఠాణాలో కూర్చున్నాడు,
మెడ మీద తడి తువ్వాలుతో.

"పదహారు నిండాయి కదా, ఇక అమ్మాయి" అన్నాడు నోగామి గారు.
పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చెప్పాడు.
సిరా పలక నావైపు జరిపాడు.

నా వేలు చూసుకున్నాను.
సుడులన్నీ ఉన్నాయి, ఒక్క గీత చెడలేదు.
అమ్మ నన్ను ఏనాడూ జిగురు ముట్టనివ్వలేదు.
ఇన్నేళ్ళు దాచింది
ఈ గడి కోసమా?

"వెయ్యను."

మాట మరీ చిన్నగా వచ్చింది.
వినపడలేదనుకుని ఆయన ముందుకి వంగాడు.
"నాకు రాయడం వచ్చండీ.
రాయడం వచ్చినవాళ్ళు సంతకం పెడతారు."

వెనక వరసలో ఎవరిదో దగ్గు ఆగిపోయింది.
అమ్మ నా మోచెయ్యి గిల్లింది, రక్తం చిమ్మేంత.
ఆయన ఒక కాగితం తీసి
ఏడాది జైలు, జరిమానా, తలెత్తకుండా చదివాడు.
చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

పెన్ను అందుకున్నాను.
గడి బయట, ఖాళీ దొరికినచోట,
చలికాలం ఆవిరి పట్టిన అద్దం మీద
నాయనమ్మ దిద్దించిన అక్షరాల్లో
క్వాక్ మి-ర్యోంగ్.
చివరి అక్షరానికి అడుగున ఒక సున్న.
దాన్ని మాత్రం నిదానంగా చుట్టాను.

"ఇది... ఎలా పలకాలి?"
చెప్పాను.
"కువాకు..."
కాదన్నాను. చెప్పాను.
"మన్నించండి, మళ్ళీ ఒకసారి."

ఈసారి నేను నోరు తెరిచేలోగా
అమ్మ చెప్పేసింది,
తుడుచుకుంటున్న నల్లవేలు గాల్లోనే ఆపి
వరస చివర ముసలాయనకి కూడా వినపడేలా.
ఇంటి నాలుగ్గోడలు దాటి
ఆ పేరు అమ్మ నోట రావడం అదే మొదలు.

తర్వాత ఇంటికెళ్ళే దారిపొడుగునా
నన్ను తిట్టింది,
ఆ పేరుతోనే.